పరగడుపు టెస్టా, మూడు నెలల షుగర్ టెస్టా, ఏది మేలు?

మా పెదనాన్నగారిది ఆత్రేయపురం పక్కన పల్లెటూరండి, పూతరేకులు చుట్టే ఇళ్ళ మధ్యే పుట్టి పెరిగారు. షుగర్ టెస్టంటే చాలు రెండ్రోజుల ముందు నుంచి తీపి ముట్టరు, రాత్రికి రెండు పుల్కాలు తిని పడుకుంటారు, పొద్దున్నే పరగడుపున రక్తం ఇస్తే 118, "126 దాటలేదుగా, ఆయ్" అని వచ్చేటప్పుడు దార్లోనే ఓ డబ్బా పూతరేకులు కొనేస్తారు. ఈసారి డాక్టర్ గారు హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల షుగర్ టెస్ట్, కూడా రాశారు. 7.4 శాతం వచ్చింది, 6.5 నుంచే షుగరంటారు కదా, దొరికిపోయారు.

పరగడుపు టెస్ట్ ఆ ఒక్క పొద్దుటి సంగతే చెప్తుంది, మధ్యాహ్నం లాగించిన అన్నం సంగతి దానికి తెలీదు. ఏ1సీ అలా కాదు. రక్తంలో చక్కెర ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌కి తనంతట తనే అతుక్కుంటుంది, ఎంత ఎక్కువుంటే అంత, ఎర్రకణం బతికేది దాదాపు 120 రోజులు కాబట్టి రెండు మూడు నెలల లెక్క అందులో ఉండిపోతుంది, పోయిన నెల వాటా కాస్త ఎక్కువ.

కోవా కాస్తుంటే పాలు ఎర్రబడతాయి చూడండి, అక్కడా పాలల్లో చక్కెర ప్రోటీన్‌కి అతుక్కోవడమే మొదలు, మెయ్యార్ అనే ఫ్రెంచాయన 1912లో చెప్పిన రసాయనం ఇది. పొయ్యి మీద గంటలో అయ్యేది ఒంట్లో ఏళ్ళ తరబడి నిదానంగా జరుగుతుంది. ఎర్రకణమైతే పోయి కొత్తది వస్తుంది గానీ కంటి లెన్స్ మధ్యలో ప్రోటీన్లు పుట్టినప్పటివే, మారవు, చర్మంలో రక్తనాళాల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ కూడా ఏళ్ళకేళ్ళు అదే, అవి ఒకదానికొకటి ముడిపడి బిరుసెక్కుతాయి. శుక్లాలకి, నాళాలు గట్టిపడ్డానికి ఇదీ ఒక కారణం. వయసుతో అందరికీ ఉండేదే, షుగరుంటే తొందరగా వస్తుంది. ఆ అతుకుడుని చుక్క రక్తంలో కొలిచి చూపిస్తుందనే నా ఓటు ఏ1సీకి.

అలాగని కళ్ళు మూసుకుని నమ్మకండి. ఐరన్ తక్కువై రక్తం లేనివాళ్ళకి ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, ఈమధ్య రక్తం పోయినా ఎక్కించుకున్నా లెక్క తప్పుతుంది, కడుపుతో ఉన్నవాళ్ళకి గ్లూకోజ్ తాగించి చూసేదే నయం. రోజూ ఇన్సులిన్ డోస్ చూసుకోవాలంటే ఇంట్లో మిషనే దిక్కు. ఖర్చు కూడా పరగడుపు టెస్ట్‌కే తక్కువ, కాదనను.

పెదనాన్నగారు ఇప్పుడు బెల్లం పూతరేకుల్లోకి దిగారు, బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరేనండీ అంటే వినరు. మొన్న ఫోన్ చేసి "ఏ1సీకి ఎన్ని రోజుల ముందు మానెయ్యాల్రా?" అనడిగారు. నూట ఇరవై అన్నాను. పెట్టేశారు.