డిస్కు పోతే సర్వర్లే సర్దుకోవాలా, మనిషి చేయాలా? ఏది మేలు?

శ్రీకాకుళంలో పాత దస్త్రాల స్కాన్‌లను మూడు సర్వర్లలో మూడు కాపీలుగా దాచుకున్నాం. డిస్కు పాడైతే కొత్తది విశాఖపట్నం నుంచి రావాలి. వచ్చేదాకా మిగిలిన రెండు కాపీల మీదే ప్రాణాలన్నీ. చాలా సర్వర్ల డిస్కులను కలిపి ఒకే నిల్వగా నడిపే సాఫ్ట్‌వేర్లు గ్లస్టర్, సెఫ్. ఈ బెంగ ఉన్నవాళ్లకు వీటిలో ఏది మేలు?

గ్లస్టర్‌లో డిస్కు కాసేపు కనబడకుండా పోయి తిరిగి వస్తే, ఆలోగా మారిన ఫైళ్లను అదే సరిచేసుకుంటుంది. డిస్కే చచ్చిపోతే మాత్రం మనం కొత్తది బిగించి ఆదేశం ఇచ్చేదాకా మూడో కాపీ పుట్టదు. శనివారం రాత్రి పోయిందంటే సోమవారం దాకా గుండె గుప్పిట్లో పెట్టుకోవాల్సిందే.

సెఫ్ అలా కాదు. డిస్కు పలకడం మానేశాక మామూలుగా 10 నిమిషాలు ఆగుతుంది. అప్పటికీ రాకపోతే దాన్ని లెక్కలోంచి తీసేసి, మిగతా కాపీల నుంచి కొత్త కాపీని వేరే డిస్కుల్లో కట్టుకుంటుంది. ఒక ఉదయం గది తాళం తీసేసరికి ఓ డిస్కు దగ్గర ఎర్రదీపం వెలుగుతోంది. తెర మీద చూస్తే మూడు కాపీలూ పదిలం. నా మొగ్గు సెఫ్ వైపు తిరిగింది ఆ రోజే.

అయితే ఖాళీ చోటు ఉంటేనే ఈ సుఖం. సర్వర్లు మూడే, ఒక్కో దాంట్లో ఒక్కో కాపీ ఉండాలన్నది నియమం. కాబట్టి పోయిన డిస్కు బరువు అదే సర్వర్‌లోని తోటి డిస్కుల మీద పడుతుంది. ఒక సర్వర్‌లోని నాలుగు డిస్కులూ 70 శాతం నిండి ఉంటే, ఒకటి పోగానే మిగిలిన మూడూ 93 శాతానికి చేరాలి. సెఫ్ 90 దగ్గరే ఆ పని ఆపేస్తుంది. అందుకే నేను 60 దాటనివ్వను.

ఇక కరెంటు సంగతి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటాక ఈ జిల్లాలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మామూలు రోజుల్లోనూ యూపీఎస్ చేతులెత్తేస్తే సర్వర్ మొత్తం ఆగిపోతుంది, డిస్కులు మాత్రం బాగానే ఉంటాయి. రేపు నాలుగో సర్వర్ చేరిస్తే ఇది పెద్ద చిక్కు. 10 నిమిషాలకే ఆ డేటా అంతా మిగతా మూడింటికి తరలడం మొదలవుతుంది, కరెంటు రాగానే మళ్లీ వెనక్కి. అందుకే సర్వర్ మొత్తం పడిపోతే సెఫ్ కదలకుండా ముందే అమర్చాను. ఒంటరి డిస్కు పోతే మాత్రం దాని పని అది చేసుకోవాలి.

మరమ్మతు రోజున 'నోఅవుట్' పెడతాం, అంటే ఏ డిస్కు పలకకపోయినా లెక్కలోంచి తీసేయొద్దని సెఫ్‌కు చెబుతాం. దాన్ని తీయడం మరిచిపోతే, తర్వాత నిజంగానే డిస్కు పోయినా సెఫ్ కొత్త కాపీ కట్టదు. నోఅవుట్ పెట్టామని రాసిన కాగితాన్ని సర్వర్ బీరువా తలుపుకే అంటిస్తాను. నోఅవుట్ తీశాకే దాన్ని చింపుతాను.