అన్ని బ్రౌజర్లకా, ఒక్క క్రోమ్‌కా: సైటు ఎలా కడితే మేలు?

"అన్నా, క్రోమ్‌లో బాగానే వస్తోంది కదా, మిగతావి కూడా చూడాలా?"

మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఇది. ప్రతిసారీ టీ చల్లారేదాకా చెప్పడం కన్నా ఒకసారి రాసి పెట్టేస్తే పోతుందనిపించింది.

దారులు మూడు. అన్ని బ్రౌజర్లలో అచ్చు ఒకేలా కనపడేట్టు కట్టడం ఒకటి. క్రోమ్‌కి కట్టి చేతులు దులుపుకోవడం రెండోది. అసలు పని ఎక్కడైనా జరిగేట్టు చూసి, హంగులు మాత్రం వాటిని చూపించగలిగిన బ్రౌజర్లకే ఇవ్వడం మూడోది. నేను మూడో పార్టీ. చాలాకాలం రెండో పార్టీలో ఉండి ఇటు దూకినవాణ్ణి కాబట్టి ఆ రెండోదాని గురించే ఎక్కువ మాట్లాడతాను.

మొదటిదాన్ని తొందరగా పక్కన పెట్టేద్దాం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 రోజుల్లో బటన్‌కి గుండ్రటి మూలలు రావాలంటే నాలుగు మూలలకీ నాలుగు బొమ్మలు కోసి అతికించేవాళ్ళం. అంత కష్టపడ్డా చూసేవాడికి ఒరిగిందేమీ లేదు. ఒకే సైటుని రెండు బ్రౌజర్లలో పక్కపక్కన తెరిచి పోల్చేది డిజైనరూ, క్లయింటూ తప్ప మామూలు మనిషి కాదు.

క్రోమ్ ఒక్కటే చాలనేవాళ్ళ వాదన మాత్రం కొట్టిపారేసేది కాదు. ఒపెరా 2013లోనే తన సొంత ఇంజిన్ (పేజీని తెరమీద గీసే భాగం) వదిలేసి, క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం వైపు వచ్చేసింది. 2020 జనవరిలో ఎడ్జ్ కూడా వచ్చి చేరింది. బ్రేవ్, శాంసంగ్ ఇంటర్నెట్ కూడా ఆ గూటివే. ఒక్కదానికి కడితే ఇన్నింటికి కట్టినట్టే. నలుగురం ఉన్న కంపెనీలో, టెస్టర్ అనే ఉద్యోగమే లేనిచోట, ఆ మిగులు చిన్నది కాదు. గోడౌన్ స్టాకు రాసుకునే సైటు చేసిచ్చినప్పుడు నేనూ క్రోమ్ తప్ప ఇంకోటి చూడలేదు. కంప్యూటర్లు వాళ్ళవే, వాడేది ఆరుగురే, ఏ బ్రౌజర్ ఉండాలో వాళ్ళ చేతిలో పని. అక్కడ ఇప్పటికీ అదే చేస్తాను.

జనం కోసం కట్టే సైట్ల దగ్గరే లెక్క తప్పుతుంది. ఇది మన తెలుగువాళ్ళకి కొత్త అనుభవం కూడా కాదు. అన్ని భాషల అక్షరాలకీ ఒకే సంకేతాలిచ్చే యూనికోడ్ ఇంకా కుదురుకోని రోజుల్లో కొన్ని తెలుగు పత్రికల సైట్లు సొంత డైనమిక్ ఫాంట్లతో (పేజీతోపాటే దిగే ఫాంట్లు) నడిచేవి. ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే చక్కటి తెలుగు. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే చుక్కలూ, గీతలూ, అర్థంకాని లాటిన్ అక్షరాలూ. చివరికి ఆ గోలని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి 'పద్మ' అనే పొడిగింపు (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) పుట్టుకొచ్చింది. పొద్దున్నే పేపర్ చదవడానికి అనువాదకుణ్ణి పెట్టుకున్నట్టు ఉండేది మా పరిస్థితి. ఆ ఎక్స్‌ప్లోరర్‌ని మైక్రోసాఫ్టే 2022 జూన్‌లో సాగనంపింది.

నన్ను పార్టీ మార్పించింది మాత్రం 2024 మాఘమాసంలో ఒక ఫంక్షన్ హాలు బుకింగ్ సైటు. తప్పు పూర్తిగా నాదే. పెళ్ళిళ్ళ సీజన్, ఫోన్లు ఆగడం లేదు. మేనేజర్ ఒక పెద్దాయన్ని కాన్ఫరెన్స్‌లో కలిపాడు. "మా అమ్మాయి పెళ్ళికి తేదీ చూద్దామంటే తెల్లకాగితంలా వస్తోంది బాబూ, ఏమీ లేదు అందులో" అన్నాడాయన. నేను అలవాటు కొద్దీ "క్రోమ్ వేసుకుని చూడండి సార్" అన్నాను. ఆయన ఓపిగ్గా వేసుకున్నాడు. పది నిమిషాల తర్వాత మళ్ళీ ఫోన్: "ఇందులోనూ తెలుపే బాబూ."

అమెరికాలో కొడుకు వాడి పక్కన పెట్టేసిన ఐఫోన్ 7 అది. మన ఇళ్ళలో ఎన్ని ఐఫోన్లు ఇలా వచ్చినవో లెక్కేసుకోండి. ఆ ఫోనుకి ఐఓఎస్ 15తో కొత్త వెర్షన్లు ఆగిపోయాయి. బ్రౌజర్ ఇంజిన్ ఫోన్‌తోపాటే వస్తుంది కాబట్టి అదీ అక్కడే ఆగింది. ఐఫోన్‌లో పేరు క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా లోపల తిరిగేది సఫారీ ఇంజినే. యూరోపియన్ యూనియన్‌లో 2024 మార్చి నుంచి, ఆ తర్వాత జపాన్‌లోనూ వేరే ఇంజిన్లకి దారి వదిలారు, మన దగ్గర ఆ దారి లేదు. అంటే ఆ పెద్దాయనకి నేను ఇచ్చిన సలహా, చొక్కా మార్చుకుంటే జ్వరం తగ్గుతుందన్నట్టు ఉంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే: సైటు ఆగిపోయినప్పుడు ఆ మనిషికి ఇంకో దారి ఉందా? 'వేరే బ్రౌజర్‌లో చూడండి' అన్న మాట గోడౌన్‌లో పనిచేస్తుంది. పాత ఐఫోన్ చేతిలో ఉన్నవాడికి దాని అర్థం 'వేరే ఫోన్ కొనుక్కోండి' అని.

ఇంతకీ ఆగింది ఎక్కడ? అద్దె లక్షా యాభై వేలు అయితే 1,50,000 అని మన పద్ధతిలో కామాలు పడాలి, పైసల దగ్గర పడకూడదు. దానికోసం ఎక్కడినుంచో తెచ్చిన రెగెక్స్ (అక్షరాల వరసని వెతికే సూత్రం) ఒకటి పెట్టాను. అందులో లుక్‌బిహైండ్, అంటే వెనక ఏముందో చూసే గుర్తు, ఉంది. సఫారీకి అది 2023 మార్చిలో, 16.4 వెర్షన్‌తో గానీ రాలేదు. మా దగ్గర టెస్టింగ్‌కి ఉన్న ఐఫోన్ కొత్తది, కిక్కురుమనలేదు. కొత్త జావాస్క్రిప్ట్‌ని పాత బ్రౌజర్లకి అర్థమయ్యేట్టు మార్చే బేబెల్ ఉంది కదా అన్న ధీమా వేరే. లుక్‌బిహైండ్‌ని బేబెల్ మార్చలేదు, ఉన్నదున్నట్టు వదిలేస్తుంది.

పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్‌లో తెలియని మాట తగిలితే బ్రౌజర్ ఆ ఒక్క లైను వదిలేసి ముందుకు పోతుంది, ఎక్కడో ఒక గీత తగ్గుతుంది అంతే. పేజీని నడిపించే జావాస్క్రిప్ట్‌లో వ్యాకరణమే తెలియనిది తగిలితే ఫైలు మొత్తం విసిరికొడుతుంది. పేజీ అంతా ఆ ఫైలే గీస్తుంటే మిగిలేది తెల్లకాగితం. కామా కోసం కల్యాణం ఆగినట్టు! బ్రౌజర్‌లోనే నంబర్ ఫార్మాట్ ఉంది, భారతీయ పద్ధతి కావాలంటే ఒక్క లైన్‌లో ఇస్తుంది. అది తెలిసీ నేను రెగెక్స్ తెచ్చుకున్నాను.

ఇప్పుడు నా పద్ధతి ఏంటంటే, ఖాళీ తేదీలు, అద్దె, ఫోన్ నంబర్, బుకింగ్ ఫారం సర్వర్ నుంచే మామూలు హెచ్‌టీఎంఎల్‌గా వస్తాయి. జావాస్క్రిప్ట్ చచ్చినా ఫారం వెళ్తుంది. ఫోటోల గ్యాలరీ, జారే క్యాలెండర్ పైన వేసిన పూలు. సీఎస్ఎస్‌లో బేస్‌లైన్ (ఏ సౌకర్యం ఏ బ్రౌజర్లలోకి వచ్చిందో చెప్పే కొలత) చూసుకుని ధైర్యంగా కొత్తవి వాడతాను. అన్ని ప్రధాన బ్రౌజర్లలోకీ వచ్చి రెండున్నరేళ్ళు దాటితే అది విస్తృతంగా దొరుకుతున్నట్టు లెక్క. జావాస్క్రిప్ట్‌లో మాత్రం పిసినారిని.

ఫైర్‌ఫాక్స్ సంగతి? నేను రోజూ పని చేసుకునేదే అందులో, కాబట్టి నా సైట్లు దానికి ఉచితంగా టెస్ట్ అయిపోతాయి. మీరూ అలా చేసి చూడండి, క్రోమ్ సర్దుకుపోయే పొరపాట్లు కొన్ని ముందే బయటపడతాయి. ఒపెరా మినీ, జియోఫోన్‌లోని కాయ్ ఓఎస్ లాంటివాటికి విడిగా ఏమీ చేయను. మామూలు హెచ్‌టీఎంఎల్ ఉంది కాబట్టి ఫారం తెరుచుకుంటుంది, చాలు.

మ్యాక్ లేనివాళ్ళు ప్లేరైట్ అనే టెస్టింగ్ సాధనంతో సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్‌ని విండోస్‌లోనే నడపొచ్చు, చాలావరకు పనికొస్తుంది. కానీ అది కొత్త వెబ్‌కిట్. పెద్దాయన ఫోన్‌లో తెల్లకాగితం వచ్చిందని దానికి ఏ జన్మలోనూ తెలియదు. అందుకని ఆ వారమే అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి వెళ్ళి ఒక సెకండ్‌హ్యాండ్ ఐఫోన్ 7 కొన్నాను. బ్యాటరీ గంట కూడా నిలవదు, ఎప్పుడూ ఛార్జర్‌కే వేలాడుతూ ఉంటుంది. లైవ్‌లో పెట్టేముందు బుకింగ్ ఒక్కసారి దాంట్లో చేసి చూస్తాం.