విజయవాడలో బ్యాంజో కొనబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి, నాకు వెనక్కొచ్చిన పీసు అంటగట్టారు

ఇప్పుడే గుంటూరు బస్సు దిగి ఇంటికొచ్చాను, ఒళ్ళు ఇంకా మండుతోంది. షాపు పేరు రాయను, బెజవాడలో వాయిద్యాలు కొనేవాళ్ళకి ఏదో తెలిసిపోతుంది. మన దగ్గర బ్యాంజో అంటే మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగే చూపిస్తారు, నాక్కావలసింది అయిదు తీగల బ్యాంజో, అది వీళ్ళ దగ్గరే దొరికింది. 18,500. కొత్త పీసన్నాడు షాపాయన. తెల్లటి డప్పు భాగం మీద ఎడమ పక్క టీ మరకలాంటి మచ్చ కనిపించి అడిగితే, అది సరుకు తత్వమమ్మా అన్నాడు. నేను నమ్మాను.

బ్యాంజోలో కొత్తవాళ్ళకి ఒక సుఖముంది. ఓపెన్ జి ట్యూనింగ్‌లో పెట్టుకుంటే ఏ తీగా నొక్కకుండా మీటినా జి కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) పలుకుతుంది. ఒక్క వేలు పొడవాటి నాలుగు తీగల మీద అడ్డంగా 5వ మెట్టు (మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీ, ఫ్రెట్) దగ్గర పెడితే సి, 7వ మెట్టు దగ్గర పెడితే డి. ఈ మూడూ వస్తే బోలెడు పాటలకి సరిపోతాయి. నాకు జి చక్కగా పలికేది, సి దగ్గరికి రాగానే అపస్వరం, డి ఇంకా ఘోరం. ఫోన్ చేస్తే "వేళ్ళు ఇంకా తిరగలేదమ్మా, ప్రాక్టీస్ చెయ్యండి" అన్నాడు. మూడు వారాలు చేశాను. వేళ్ళ చివర్లు బొబ్బలెక్కాయి, తప్పు నాదే అనుకుని ఒకరోజు ఏడ్చాను కూడా. చివరికి వయొలిన్ వాయించే మా వదిన ఫోన్‌లో ట్యూనర్ (స్వరం సరిగ్గా ఉందో లేదో చూపించే యాప్) పెట్టి చూసింది. విడి తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయి, 5వ మెట్టు నొక్కితే స్వరం పైకి పోతోంది. మెడ వంగిపోయింది, 7వ మెట్టు దగ్గర తీగ కింద పెన్సిల్ దూరింది. తీగ అంత ఎత్తున ఉంటే నొక్కినప్పుడు సాగి స్వరం పెరుగుతుంది, ఎవరు వాయించినా అంతే.

ఇవాళ తీసుకెళ్ళాను. ఆయన చేతిలోకి కూడా తీసుకోకుండా, నలుగురు కస్టమర్ల ముందు, "ఈ వయసులో సంగీతం మొదలెడితే ఇలానే ఉంటుందమ్మా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అప్పుడు లోపల డబ్బాలు సర్దుతున్న కుర్రాడు తొంగిచూసి, "అన్నా, ఇది మొన్న వెనక్కొచ్చిందే కదా, మచ్చ ఉన్నది" అన్నాడు. షాపంతా నిశ్శబ్దం. ఆయన నా వైపు చూడకుండా కుర్రాణ్ణి టీ తెమ్మని పంపించేసి, నాతో "అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అన్నాడు. అంటే తెలుసు. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ తెలుసు, తెలిసే నా వేళ్ళ మీదికి నెట్టాడు. డబ్బు కన్నా అదే ఎక్కువ కోతగా ఉంది.

నా తప్పూ ఉంది. బిల్లు అడగలేదు, చీటీ మీద రాసిచ్చింది తీసుకుని వచ్చేశాను. ఫోన్‌పేలో కట్టిన రుజువు మాత్రం ఉంది. వాపసు తీసుకోం అని బోర్డు పెట్టినంత మాత్రాన చెల్లదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లులో గడువేమీ లేకపోతే లోపమున్న వస్తువుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాలి. నేను కొని ఈ రోజుకి 26 రోజులు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను.

కొనేవాళ్ళు షాపులోనే ట్యూనర్ పెట్టి 5, 7, 12 మెట్లు నొక్కి చూడండి, బిల్లు లేకుండా కదలకండి.

ఇంకోటి, ముఖ్యమైనది. ఎడమ పక్క మచ్చ ఉన్న ఈ బ్యాంజోని నాకన్నా ముందు కొని తిరిగిచ్చేసినవాళ్ళు ఇది చదువుతుంటే దయచేసి నాకు మెసేజ్ పెట్టండి, మీ మాట నాకు సాక్ష్యంగా కావాలి.