కరెంటు పోయిన రాత్రి బయటపడిన ప్రెషర్ ఫిల్టరు గుణం

చేపల తొట్టి నీళ్లను మోటారు ఒత్తిడితో మూసిన పెట్టెలోని స్పాంజీల గుండా నెట్టేది ప్రెషర్ ఫిల్టరు. అది నీళ్లను తేటగా ఉంచదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తిరుపతి ఎండలకు ఉగాది నాటికే గోంగూర ఉడికించిన నీళ్లలా తయారయ్యే మా పెరటి తొట్టిలో, దీన్ని బిగించిన కొద్ది రోజులకే అడుగున గులకరాళ్లు కనిపించాయి. అంతా దాని లోపలుండే యూవీ (అతినీలలోహిత) దీపం చలవ. చూడవచ్చిన ప్రతివారికీ ఇదే కొనమని చెప్పాను కూడా.

నా పేచీ దాని మూతతో. చుట్టూ రబ్బరు వాషరు, పైన క్లిప్పులు, గాలి చొరబడే సందు లేదు. నీళ్లను ఒత్తిడితో నెట్టాలంటే అలాగే ఉండాలి, కాదనను.

కార్తీకంలో వాయుగుండం పట్టిన రాత్రి మా వీధికి కరెంటు పోయింది. ఆ నెలల్లో ఇక్కడ అది వింతేమీ కాదు. మర్నాడు మధ్యాహ్నం కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరిగింది. గొట్టంలోంచి ముందు నల్లటి నీళ్లు దూకాయి, వెనకాలే కంపు. మురుగు కాలువ పొంగిందేమోనని మా ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చింది. కాసేపటికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరవసాగాయి. మోటారు ఆపి, సగం నీళ్లు తోడి, బోరు నీళ్లు పైనుంచి జల్లుగా వదిలాం. కోయి చేపలు తట్టుకున్నాయి. పెద్ద గోల్డ్‌ఫిష్‌లు రెండూ సాయంత్రానికి ఒరిగిపోయాయి.

చేపల విసర్జన నుంచి వచ్చే అమోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఎక్కువగా కాపురముండేది ఫిల్టరు స్పాంజిలోనే. వాటికి ఆక్సిజన్ కావాలి. మోటారు ఆగితే మూత లోపల ఉన్న కాస్తా కొన్ని గంటల్లో హరించుకుపోతుంది. ఆ తర్వాత ఆక్సిజన్ అక్కర్లేని బాక్టీరియాదే రాజ్యం. పట్టిన మడ్డి కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే కంపు విషవాయువు పుడుతుంది. కరెంటు రాగానే అదంతా తొట్టిలోకే.

ఇప్పుడు ఆ పెట్టెలోని స్పాంజీలన్నీ తీసేసి, దీపం కోసం మాత్రమే వాడుతున్నాను. నీళ్లు దాని గుండా 200 లీటర్ల నీలం డ్రమ్ములోకి వెళతాయి. అడుగున చేరి, చిల్లుల పలక మీద పేర్చిన స్పాంజీలు, గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు ఉండల మధ్యగా పైకెక్కి తొట్టిలో పడతాయి. బయటికి పోయే గొట్టం అంగుళం చాలునన్నాడు ప్లంబరు. పట్టుబట్టి రెండంగుళాలది పెట్టించాను. ఒత్తిడి లేని చోట సన్న గొట్టం పెడితే డ్రమ్ము అంచుల మీదుగా పొంగుతుంది మరి. అడుగు కుళాయి తిప్పితే మడ్డి అరటి మొదట్లోకి పోతుంది. మూత లేనంత మాత్రాన గండం గడిచినట్లు కాదు కనుక, డ్రమ్ములో ఒకటి, తొట్టిలో ఒకటి, గాలిని బుడగలుగా వదిలే గాలిరాళ్లు వేసి చిన్న ఎయిర్ పంపును ఇన్వర్టరుకు కలిపాను.

ఇక ఆ దీపం సంగతి. నీళ్లలో తేలే పాచినే అది చంపుతుంది, గోడలకు పట్టే పీచు పాచిని చేత్తో లాగాల్సిందే. వెలుగుతున్నా సరే, ఏడాదికి దాని బలం తగ్గుతుంది, మార్చాలి. మా బోరు నీళ్ల ఉప్పదనానికి గాజు తొడుగు మీద తెల్లటి పొర కడుతోంది, వెనిగర్‌తో తుడుస్తున్నాను. స్పాంజీలను మాత్రం తొట్టి నీళ్లలోనే పిండుతాను. కుళాయి నీళ్లలోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది.

మాది 2,000 లీటర్ల తొట్టి, చేపలు కాస్త ఎక్కువ. చేపలు తక్కువగా ఉండి, మోటారు కూడా ఇన్వర్టరు మీద నడిచే ఇంట్లో ఈ ఫిల్టరు హాయిగా పనిచేయవచ్చు. నీళ్లు జలపాతం ఎత్తుకు ఎక్కాల్సిన చోట డ్రమ్ము కన్నా ఇదే నయం. ఇంటికి తాళం వేసి ఊళ్లకు వెళ్లేవారు మాత్రం, కరెంటు వచ్చినా మోటారు మనం నొక్కితేనే తిరిగేలా స్విచ్చి పెట్టమని ముందే ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.