ఎలుక మెదడులో శక్తి లెక్క: హాలోపెరిడాల్ మేలా, ఓలాంజపిన్ మేలా?

నెల్లూరులోను, ఒంగోలులోను ఎం.ఫార్మసీ చదివే పిల్లలు సినాప్సిస్ (థీసిస్ పథకం) రాసే రోజులు రాగానే నన్ను అడిగే ప్రశ్న ఏటా ఒకటే. ‘మనోవ్యాధుల మందులు ఎలుక మెదడులో శక్తి తయారీని ఎలా మారుస్తాయో చూడాలనుకుంటున్నాం సార్, హాలోపెరిడాల్ తీసుకోమంటారా, ఓలాంజపిన్ తీసుకోమంటారా?’ అని. నేను చెప్పేది ప్రయోగానికి ఏది మేలన్న సంగతి మాత్రమే. రోగికి ఏది మేలో నిర్ణయించవలసింది వైద్యుడు. ఇది చదివి ఎవరూ ఇంట్లో వాడుతున్న మాత్ర ఆపకూడదు.

రెండు మందులూ మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలను అడ్డుకునేవే, రెండింటి మీదా కావలసినంత పని జరిగింది. నా దృష్టిలో తేల్చి చూడవలసింది ఒకటే: మనం కొలిచిన మార్పు మెదడులోనే పుట్టిందా, లేక ఒంట్లో పుట్టి మెదడు దాకా వచ్చిందా?

ఓలాంజపిన్‌తో ఈ ముడి విప్పడం చాలా కష్టం. ఒక్క మోతాదు ఇచ్చిన కొద్ది సేపటికే, ఇంకా బరువు పెరగకముందే, ఎలుక రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. ఇన్సులిన్ మాట కాలేయం సరిగా వినదు. మెదడుకు ఇంధనం ఆ గ్లూకోజే కాబట్టి, ఆ తరువాత మెదడులో ఏ మార్పు కనబడినా అది మందు పనో, చక్కెర పనో విడదీయడానికి మరో రెండు గుంపుల ఎలుకలు కావాలి. 1977లో సొకొలాఫ్ బృందం ప్రకటించిన డీఆక్సీగ్లూకోజ్ పద్ధతిలో (గ్లూకోజ్‌ను పోలిన, గుర్తు పెట్టిన పదార్థంతో మెదడు ఎంత గ్లూకోజ్ వాడుతోందో కొలిచే పద్ధతి) కూడా రక్తంలోని గ్లూకోజ్ విలువను సూత్రంలో వేస్తేనే మెదడు వాడకం తేలుతుంది. ఆ విలువే నిలకడగా లేనప్పుడు ఫలితాన్ని నమ్మడం ఎలా? పైగా ఈ మందుకు ఆడ ఎలుకలు బరువు పెరిగినట్టు మగ ఎలుకలు పెరగవు. మగ ఎలుకలతోనే పని కానిద్దామనుకునే మన అలవాటుకు ఇది పెద్ద చిక్కు.

హాలోపెరిడాల్ విషయంలో గురి సూటిగా మెదడు మీదనే ఉంటుంది. ఎలుక మెదడులోని మైటోకాండ్రియాలో (కణంలో శక్తిని తయారుచేసే చిన్న భాగాలు) ఎలక్ట్రాన్లను అందించే గొలుసులో మొదటి మెట్టయిన కాంప్లెక్స్-1ను అది అణచుతుందని 1990ల నుంచి పదేపదే చూపించారు. క్లోజపిన్ అనే మరో మనోవ్యాధి మందుకు ఆ గుణం చాలా తక్కువ. డీఆక్సీగ్లూకోజ్ చిత్రాలలో మరింత విలువైన సంగతి ఉంది. కార్టెక్స్‌లో, అంటే మెదడు పైపొరలో, చాలా చోట్ల గ్లూకోజ్ వాడకం తగ్గుతుంటే, లేటరల్ హబెన్యులా అనే చిన్న కేంద్రంలో మాత్రం అది పెరుగుతుంది. కేవలం మత్తు కలిగించే మందు అయితే అంతటా తగ్గించాలి గదా! ఒకచోట తగ్గి, మరొకచోట పెరగడమే ఇది డోపమైన్ దారుల గుండా జరిగిన పని అనడానికి గట్టి ఆనవాలు.

అలాగని దీనికి లోపాలు లేవని అనను. హాలోపెరిడాల్ ఇచ్చిన ఎలుక క్యాటలెప్సీతో పెట్టిన చోటే కదలకుండా ఉండిపోతుంది. కదలికే లేనప్పుడు కదలికను నడిపే భాగాలలో వాడకం తగ్గడం వింత కాదు. పరీక్షనాళికలో కాంప్లెక్స్-1ను అణచిన గాఢతలు రోగి రక్తంలో ఉండే గాఢతల కంటే ఎంతో ఎక్కువ. ఈ మందు రక్తంలో కంటే మెదడులో ఎన్నో రెట్లు పోగుపడుతుందన్నది నిజమే గాని, దానిని పట్టుకుని ‘మైటోకాండ్రియాను చంపుతుంది’ అని థీసిస్‌లో రాయడం తప్పు.

ఇక మోతాదు సంగతి. మనిషిలో ఇంచుమించు రోజంతా నిలిచే హాలోపెరిడాల్ ఎలుకలో రెండు గంటలు గడవకముందే సగానికి పడిపోతుంది. ఓలాంజపిన్ కూడా ఎలుకలో గంటల్లోనే తగ్గిపోతుంది. రోజుకొక ఇంజెక్షన్ ఇచ్చి ‘దీర్ఘకాల వాడకం’ అని పేరు పెడితే, మర్నాటికి ఆ మెదడులో మందు పట్టు చాలావరకు సడలిపోతుంది; మనం చూసేది రోజూ మందు మానిన మెదడును. చర్మం కింద అమర్చే పంపులు ఇందుకు మంచి దారి, కాని ఖరీదైనవి; ఓలాంజపిన్ ద్రావణం ఆ పంపులో కొద్ది రోజులకే చెడిపోతుంది కూడా. హాలోపెరిడాల్‌కు నువ్వుల నూనెలో కలిపిన డెకనోయేట్ ఇంజెక్షన్ ఉంది. కండలోకి ఒకసారి ఇస్తే వారాల తరబడి మెల్లగా విడుదలవుతుంది. మన జిల్లా కాలేజీల బడ్జెట్‌కు అందేది అదే. నా మొగ్గు హాలోపెరిడాల్ వైపు ఉండడానికి సగం కారణం ఇదేనని దాచను.

క్లోర్‌ప్రోమజైన్ పాత మందు, మత్తు ఎక్కువ. పోలికకు ఒక గుంపు చాలు. క్లోజపిన్‌ను కాంప్లెక్స్-1ను అంతగా తాకని మందుగా పక్కన ఉంచుకోవచ్చు. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ మొదటి థీసిస్‌కు అక్కరలేదు.

ఏ మందు తీసుకున్నా ఏటీపీ (కణాలు శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు) కొలుస్తామని మాట ఇవ్వకండి. ప్రాణం పోయిన ఒకటి రెండు నిమిషాలలోనే మెదడులోని ఏటీపీ చాలావరకు ఖర్చయిపోతుంది. తలను తక్షణం ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించే ఏర్పాటు లేనిదే ఆ అంకెకు అర్థం లేదు. కాంప్లెక్స్-1 చర్యను కొలవడం మన చేతిలో పని.

మరొక మాట, మన ఎండల గురించి. ఈ మందులు ఒంటి వేడిని నిలబెట్టుకునే శక్తిని దెబ్బతీస్తాయి: క్లోర్‌ప్రోమజైన్ ఇచ్చిన ఎలుక చల్లని గదిలో చల్లబడుతుంది, వేడి గదిలో వేడెక్కుతుంది. మెదడు శక్తి వాడకం ఆ వేడిని బట్టి మారిపోతుంది. ఒక ఏడాది రోహిణి కార్తెలో కరెంటు పోయి యానిమల్ హౌస్‌లో ఏసీ ఆగిన రెండు రోజుల కొలతలను నేను మొత్తంగా తీసివేయవలసి వచ్చింది; వాటి కోసం చంపిన ఎలుకల ప్రాణాలు వ్యర్థమయ్యాయన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఎథిక్స్ కమిటీకి ఇచ్చే కాగితంలో ప్రయోగ కాలాన్ని నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల పెట్టమని, ప్రతి ఎలుక ఒంటి వేడినీ, రక్తంలోని గ్లూకోజ్‌నూ ఒకే పూట రాసి ఉంచమని అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను.