నయీంనగర్‌లో ఆరు నెలల ఫుల్ స్టాక్ కోర్సు: పాఠానికి మంచి మార్కులు, కరపత్రానికి కాదు

హనుమకొండ నయీంనగర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థలో నేను గత సంవత్సరం ఆరు నెలల జావా ఫుల్ స్టాక్ కోర్సు (వెబ్‌సైట్‌లో కంటికి కనబడే భాగం, వెనుక నడిచే భాగం రెండూ తయారుచేయడం నేర్పేది) పూర్తి చేశాను. ఫీజు రెండు వాయిదాల్లో 28,000 రూపాయలు కట్టాను. అప్పటికే నా చేతిలో బీఎస్సీ కంప్యూటర్స్ పట్టా ఉంది. ఈ వేసవిలో ఇంటర్ పూర్తి చేసిన మా చిన్నమ్మ కొడుకు అదే సంస్థ కరపత్రం పట్టుకొని వచ్చి, "అన్నా, ఇది చేస్తే నాలుగేళ్ల ఇంజినీరింగ్ అక్కర లేదట, నిజమేనా?" అని అడిగాడు. వాడికి చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కరపత్రాలు పంచేది ఆ సంస్థ ఒక్కటే కాదు కాబట్టి పేరు రాయడం లేదు.

బోధనకు వంక పెట్టలేను. డేటాబేస్ చెప్పిన సారు ఒకరోజు విద్యార్థుల పట్టిక, ఫీజుల పట్టిక బోర్డు మీద గీసి, ఫీజు కట్టనివారి పేర్లు తెప్పించమన్నారు. నేను రాసిన క్వెరీకి (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు) కట్టినవారి పేర్లే వచ్చాయి తప్ప, కట్టనివారిలో ఒక్కరి పేరూ రాలేదు. రెండు పట్టికల్లోనూ ఉన్నవారినే తెచ్చే ఇన్నర్ జాయిన్‌కు, మొదటి పట్టికలోని అందరినీ తెచ్చే లెఫ్ట్ జాయిన్‌కు ఉన్న తేడాను డిగ్రీలో మార్కుల కోసం బట్టీ పట్టి రాసిన నాకు, అది పనిలో ఎక్కడ దెబ్బతీస్తుందో ఆ బోర్డు ముందు నిలబడ్డప్పుడే అర్థమైంది. చివరి రెండు నెలలు చేయించిన ప్రాజెక్టు కూడా నామమాత్రపుది కాదు. అయితే మా బ్యాచ్‌లో 30 మందిమి ఉంటే ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు 14 మాత్రమే. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరిగేవి, సిస్టమ్‌లు ఆగిపోయేవి.

నా అభ్యంతరం కరపత్రం మీద. "డిగ్రీతో పని లేదు, నూరు శాతం ప్లేస్‌మెంట్" అని అందులో పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ ప్లేస్‌మెంట్ అంటే వాట్సాప్ గ్రూపులో ఉద్యోగ ప్రకటనల లింకులు పెట్టడమే. పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరంలో మానేసి మాతో చేరాడు; మా అందరి తప్పులూ దిద్దేది అతడే. మొదటి లింకు రాగానే నా పక్కనే కూర్చొని దరఖాస్తు నింపడం మొదలుపెట్టాడు. పేరు, ఊరు, ఫోన్ నంబరు అయ్యాక విద్యార్హత గడి వచ్చింది. అందులో ఎంచుకోవడానికి బీటెక్, ఎంసీఏ, బీఎస్సీ, బీసీఏ తప్ప మరొకటి లేదు. అది నింపకపోతే తరువాతి పేజీ తెరుచుకోదు. అతడికి వచ్చిన జావా ఎంతో అడిగే మనిషి దాకా ఆ దరఖాస్తు వెళ్లనే లేదు.

డిగ్రీ లేకుండా ఐటీలో ఎవరూ స్థిరపడలేదని నేను అనడం లేదు. చిన్న కంపెనీలు, తెలిసినవారి సిఫారసు, చేసి చూపించిన పని వంటి దారులు ఉన్నాయి. కానీ వేల దరఖాస్తులు వచ్చే పెద్ద కంపెనీలు మొదటి వడపోతకు పట్టాను, చాలాచోట్ల 60 శాతం మార్కులను వాడుకుంటాయి. ఇంటర్ అయినవారిని టెక్‌బీ పథకం కింద తీసుకొని శిక్షణ ఇచ్చే హెచ్‌సీఎల్ సైతం, ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదివే ఏర్పాటు ఉంచింది. పట్టా వద్దని చెప్పవలసిన చోటే దానికి దారి చూపిస్తున్నారంటే, కరపత్రం మాట ఎంతవరకు నిలుస్తుందో ఊహించవచ్చు.

ఇక ఆ పట్టా నాలుగేళ్లదే కావాలా అన్నది వేరే ప్రశ్న. 1959లో మొదలైన ఎన్‌ఐటీ పక్కనే ఉన్నందువల్లనో ఏమో, మా ఊళ్లో బీటెక్ కానిదాన్ని చదువుగా లెక్కించరు. నిజానికి మూడేళ్ల బీఎస్సీ, బీసీఏ వారిని టీసీఎస్, విప్రో వంటివి ప్రత్యేకంగా తీసుకుంటూ వచ్చాయి. అలా తీసుకున్నవారిచేత విప్రో ఎంటెక్ కూడా చదివించింది. ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల ఎంసీఏ చేసే వీలు ఎలాగూ ఉంది. తేడా ఎక్కువగా కనబడేది అమెరికా వెళ్లాలనుకునేవారికి. అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే హెచ్-1బీ వీసాకు అక్కడి నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీకి సమానమైన అర్హత చూపాలి కాబట్టి, మన మూడేళ్ల పట్టా ఒక్కటే సాధారణంగా చాలదు. తక్కువపడ్డ ఒక్కో ఏడాది చదువుకు మూడేళ్ల ఉద్యోగానుభవాన్ని లెక్కగట్టి చూపవలసి వస్తుంది.

కాబట్టి డిగ్రీ ఉన్నవారికి, లేదా ఆఖరి సంవత్సరంలో ఉన్నవారికి ఈ కోర్సు 28,000కు తగినదే. ఇంటర్‌తో ఆగి దీన్ని నమ్ముకోవాలనుకునేవారికి మాత్రం నేను సిఫారసు చేయను. మావాడు డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి దోస్త్ ద్వారా హనుమకొండలోనే బీఎస్సీలో చేరాడు. ఇప్పుడే సాయంత్రం బ్యాచ్‌లో పేరు రాయిస్తే 2,000 తగ్గిస్తామని సంస్థవారు ఫోన్ చేస్తున్నారు. మూడో సంవత్సరం దాకా ఆగమని, ఈలోగా డెమో క్లాసుకు వెళ్లి కంప్యూటర్లు లెక్కపెట్టి రమ్మని పంపాను. ఇప్పుడు 16 ఉన్నాయట.