ప్రాచీన సంగీతం తెలియాలంటే రాత మేలా, శిల్పమా, వాయిద్యమా?

అన్నమయ్య పాటలు మనకు దక్కింది తిరుమలలోని రాగిరేకుల వల్లే. ప్రతి పాటకూ రాగం పేరు రాసి పెట్టారు కానీ స్వరాలు రాయలేదు. ఇవాళ తిరుపతిలో మనం వినే బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవే. ఐదు వందల ఏళ్ల నాటి పాటకే ఇంత చిక్కు ఉంటే, వేల ఏళ్ల నాటి సంగీతాన్ని దేన్ని పట్టుకుని వెతకాలి?

రాగం పేరుతో సరిపెట్టకుండా స్వరాలే చెక్కిన శాసనం ఉంటే చాలనిపిస్తుంది. తమిళనాడులో పుదుక్కోట దగ్గరి కుడుమియాన్‌మలైలో అలాంటిది ఉంది. 7వ శతాబ్దపు రాతిమీద ఏడు భాగాలుగా స్వరాలున్నాయి. అయితే రిషభాన్ని, అంటే సరిగమల్లోని ‘రి’ని, ఒకచోట ర, ఒకచోట రి, ఇంకోచోట రు, రె అని చెక్కారు. ఈ అచ్చుల తేడా శ్రుతిని చెబుతోందా, వీణ మీటే తీరును చెబుతోందా అన్న దగ్గర పండితులు తలో మాట అంటారు. సిరియాలోని ప్రాచీన నగరం ఉగరిత్‌లో దొరికిన, పాటా దాని సంగీత గుర్తులూ ఉన్న మట్టిపలకదీ అదే కథ. దాదాపు 3,400 ఏళ్ల నాటి ఆ ఒక్క పాటకే ఒక్కో పరిశోధకుడు ఒక్కో బాణీ తేల్చాడు.

శిల్పం వినిపించేది ఇంకా తక్కువ. అమరావతి శిల్పాల్లో విల్లు ఆకారపు వీణ ఉంది, సముద్రగుప్తుడి బంగారు నాణెం మీదా రాజు ఒళ్లో అలాంటిదే ఉంది. ఎలా పట్టుకున్నారో, పక్కన ఎవరున్నారో వీటిలో తెలుస్తుంది. ఎన్ని తంతులో మాత్రం శిల్పి ఉలిని నమ్మి చెప్పలేం.

ఇక వాయిద్యం. చైనాలోని జియాహులో కొంగ ఎముకతో చేసిన పిల్లనగ్రోవులు దొరికాయి. సుమారు తొమ్మిది వేల ఏళ్ల నుంచి చెక్కుచెదరకుండా ఉన్న ఒకదాన్ని ఊది స్వరాలు కొలిచారు కూడా! ఏ పాట వాయించారో తెలియదు గానీ, ఏ స్వరాలు పలికేవో చెవికి తెలుస్తుంది. ఇక్కడ ఒక లోటు ఉంది. ఎముక, మట్టి, రాయి, లోహం నిలిచినట్టు కర్ర, తోలు నిలవవు. ఇరాక్‌లోని ఉర్‌లో తవ్వకాలు జరిపిన లియొనార్డ్ వూలీకి దొరికిన తంతివాద్యాల్లో కర్ర కుళ్లిపోయి ఖాళీ మిగిలింది. అందులో ప్లాస్టర్ పోసి ఆకారం నిలబెట్టాడు. మన డోళ్లు, మృదంగాలు మట్టిలో పడితే వాటి గతీ అంతే.

అయినా నా ఓటు వాయిద్యానికే. రాతను చదవాలంటే శ్రుతి ముందే తెలిసి ఉండాలి, ఆ శ్రుతిని ఇచ్చేది వాయిద్యమే. చైనాలో జెంగ్ అనే రాజ్యపు పాలకుడు యీ సమాధిలో క్రీ.పూ. 5వ శతాబ్దపు 65 కంచు గంటలు బయటపడ్డాయి. ఒక్కో గంటను మధ్యలో కొడితే ఒక స్వరం, పక్కన కొడితే ఇంకో స్వరం. ఆ స్వరాల పేర్లు గంటల మీదే ఉన్నాయి. పేరూ నాదమూ ఒకేచోట దొరికాయి కాబట్టి ఊహకు పెద్దగా పని లేదు. కుడుమియాన్‌మలై శాసనం నాటి వీణ ఒక్కటి దొరికి ఉంటే ఆ వాదం ఎప్పుడో తేలేది.

తిరుపతిలో పురావస్తు శాస్త్రం చెప్పే ఎస్వీ యూనివర్సిటీ ఉంది, ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది. ఈ రెండుచోట్లా చదివే పిల్లలు కలిసి పనిచేస్తే చూడాలని నాకు చాలా ఆశ. మన జిల్లాల్లో ఎక్కడ పాత కంచు గంట బయటపడినా బరువు, ఎత్తు, కాలం రాసే కాగితంలో దాని శ్రుతి కూడా కొలిచి రాయాలి.